మోటార్ మీటర్ జవాబివ్వడానికి 22 రోజులు పట్టింది: రాస్ప్‌బెర్రీ పై సీరియల్ పోర్టుతో నా అనుభవం

మేం బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఎనిమిది ఇళ్ళున్న బిల్డింగ్‌లో అద్దెకుంటాం. ఓనర్ ఆంటీది మదనపల్లె. అంకుల్ పోయాక బిల్డింగ్ పనులన్నీ ఆవిడ ఒక్కరే చూసుకుంటున్నారు. బోరు మోటార్ కరెంటు బిల్లు ఎనిమిది ఇళ్ళకూ పంచాలి. ప్రతి నెలా అదే గొడవ. మోటార్ అంతసేపు ఎందుకు ఆడిందని ఒకరు, మేం పది రోజులు ఊళ్ళోనే లేమని ఇంకొకరు. డిసెంబరులో ఒక సాయంత్రం ఆవిడ మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. "మోటార్ రోజుకు ఎన్ని యూనిట్లు తింటోందో అందరి ఫోన్లకూ వచ్చేలా చేస్తానాంటీ. సంక్రాంతికల్లా అయిపోతుంది" అని మాటిచ్చాను.

ఎలక్ట్రీషియన్‌తో మోటార్ ప్యానెల్‌లో మోడ్‌బస్ (కంప్యూటర్ ప్రశ్న పంపితే మీటర్ జవాబిచ్చే పద్ధతి) ఉన్న త్రీ ఫేజ్ మీటర్ పెట్టించాం. మీటర్ 3,400, కూలి 800 ఆంటీయే ఇచ్చారు. లోపల 415 వోల్టులు ఉంటాయి కాబట్టి ప్యానెల్ మూత నేను ముట్టుకునే పని పడకూడదని, ఆ ప్రశ్నలూ జవాబులూ నడిచే మీటర్ ఆర్ఎస్485 తీగలు ఏ, బి రెండింటినీ బయట చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి లాగించాను. ఈ మొత్తం పనిలో నేను ముందుచూపుతో చేసింది అదొక్కటే. మీరు చేసినా ఆ మూత మాత్రం మీరు తీయకండి.

2018లో కొన్న రాస్ప్‌బెర్రీ పై 3 మోడల్ బి (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఇక నుంచి దీన్ని ‘పై’ అంటాను) ఒకటి అల్మారాలో ఉంది. కొత్త మెమరీ కార్డు 450 పెట్టి కొని దాని ఆపరేటింగ్ సిస్టమ్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ (బుక్‌వార్మ్ వెర్షన్) ఎక్కించాను. ఇంట్లో మానిటర్ లేదు, ల్యాప్‌టాప్ ఒక్కటే. సంపు పక్కనున్న మోటార్ గదిలో వైఫై వస్తూ పోతూ ఉంటుంది. అందుకని మొదటిసారి లోపలికి వెళ్ళడానికి సీరియల్ కన్సోల్ (తీగల మీదుగా ల్యాప్‌టాప్‌నే దానికి స్క్రీన్, కీబోర్డుగా వాడే పద్ధతి) వాడదామనుకున్నాను. దానికి కావాల్సిన, పై పిన్నులను ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి కలిపే పాత సీహెచ్340 యూఎస్‌బీ టు టీటీఎల్ అడాప్టర్ ఇంట్లోనే ఉంది.

2025 జనవరి 4, శనివారం. మధ్యాహ్నం 3 గంటలకు కూర్చున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 (లినక్స్). అడాప్టర్ గుచ్చితే దాని మీద లైటు వెలుగుతోంది గానీ టీటీవై యూఎస్‌బీ0 అనే పోర్టు ఎక్కడా లేదు. కేబుల్ మార్చాను, సాకెట్ మార్చాను, అడాప్టర్ పోయిందనుకుని పక్కన పెట్టేశాను కూడా. సాయంత్రం డీమెసేజ్ (సిస్టమ్ తనలో జరిగేవి రాసుకునే చిట్టా) ఓపిగ్గా చదివితే తెలిసింది: పోర్టు వస్తోంది, వచ్చిన మరుక్షణం ఊడిపోతోంది. ఆ రెండు లైన్ల మధ్య బీఆర్ఎల్‌టీటీవై అనే పేరు ఉంది. అది చూపులేని వారు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉబుంటుతో పాటు వచ్చే ప్రోగ్రామ్. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే చిప్ ఐడీ ఉండటంతో నా అడాప్టర్‌ను తనదే అనుకుని పట్టేసుకుంటోంది. మా ఇంట్లో దాని అవసరం ఉన్నవాళ్ళు లేరు కాబట్టి తీసేశాను. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే దాన్ని తీసేయకుండా, ఈ చిప్‌కు సంబంధించిన రూల్ ఒక్కటి ఆపుకోండి.

ఆ తర్వాత పర్మిషన్ లేదంది. యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి లాగౌట్ అయి మళ్ళీ వస్తే పోర్టు తెరుచుకుంది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. పైలో 8వ పిన్ టీఎక్స్ (పంపేది), 10వ పిన్ ఆర్ఎక్స్ (వినేది), 6వది గ్రౌండ్. నేను టీఎక్స్‌కు టీఎక్స్ కలిపాను. ఇటు మాట్లాడేది అటు వినే పిన్నుకు పోవాలి కదా, మార్చాను. అయినా ఏమీ లేదు. పై 3లో ఈ పోర్టు మామూలుగా ఆఫ్‌లో ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి కాన్ఫిగ్ ఫైలు చివర ‘ఎనేబుల్ యూఆర్ట్=1’ లైను చేర్చాక, 1,15,200 బాడ్ వేగంలో తెల్ల అక్షరాలు జరజరా కిందికి దిగడం మొదలైంది. చివరికి లాగిన్ అడిగింది. నేను కీ నొక్కితే మాత్రం ఒక్క అక్షరం పోవడం లేదు. నేను వాడిన టెర్మినల్ ప్రోగ్రామ్ మినీకామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (ఎప్పుడు పంపాలో వేరే తీగల మీద చెప్పుకునే పద్ధతి) ముందే ‘యస్’ అని ఉంటుందట, మూడు తీగల కనెక్షన్‌కు అది ‘నో’ ఉండాలి. మార్చి పాస్‌వర్డ్ కొట్టేసరికి రాత్రి 11.40. మా ఆవిడ అన్నం కంచం తెచ్చి టేబుల్ మీద పెట్టి పోయిన సంగతి అప్పుడు చూసుకున్నాను.

ఇంకొక్క మాట. అడాప్టర్‌లోని ఎర్ర తీగను రాస్ప్‌బెర్రీ పైకి కలపకండి. దానికి తన ఛార్జర్ నుంచే కరెంటు వస్తుంది, ఇక్కడ ఆ తీగతో పని లేదు. అడాప్టర్ మీద 3.3, 5 వోల్టులకు జంపర్ ఉంటే 3.3 వైపు పెట్టండి.

మర్నాడు ఆదివారం, మీటర్ తీగలను పై పిన్నులకు కలిపే మాడ్యూల్ కోసం ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకు బయల్దేరాను. బెన్నిగానహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, చిక్‌పేట్‌లో దిగి నడిస్తే చాలా షాపుల షట్టర్లు దించి ఉన్నాయి. ఆదివారమని తట్టలేదు. వెళ్ళిరావడానికి మూడు గంటలు పోయాయి. 7వ తేదీ మంగళవారం హాఫ్ డే లీవు పెట్టి మళ్ళీ వెళ్ళాను. నా కన్నడ వినగానే షాపతను "ఏం కావాలన్నా?" అని తెలుగులోకి వచ్చేశాడు. ఆర్ఎస్485 మాడ్యూల్ అడిగితే నీలం రంగు చిన్న బోర్డు చేతిలో పెట్టాడు, మ్యాక్స్485 చిప్‌ది. అది 70, జంపర్ తీగలు 60, ఏ, బి తీగల చివర పెట్టే 120 ఓమ్ రెసిస్టర్లు 10.

ఆ రాత్రి మోటార్ గదిలో కూర్చుని అన్నీ కలిపాను. మాడ్యూల్‌కు 5 వోల్టులు కావాలని రాసి ఉంది కాబట్టి పై 2వ పిన్ నుంచి 5 వోల్టులిచ్చి, మాడ్యూల్ అవుట్‌పుట్‌ను పసుపు తీగతో 10వ పిన్‌కు గుచ్చాను. పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి నడిపితే ‘జవాబు లేదు’. మళ్ళీ మళ్ళీ అదే. పదిన్నరకు ఫోటో తీసి ఆఫీసులో హార్డ్‌వేర్ టీమ్ అన్నకు పంపాను. ఆయనది అనంతపురం. నిమిషంలో ఫోన్ చేశారు.

"తమ్ముడూ, ముందు ఆ పసుపు తీగ పీకెయ్."

"ఏమైందన్నా?"

"మాడ్యూల్ 5 వోల్టులది. పై పిన్ను 3.3 కంటే ఎక్కువ తట్టుకోదు. పీకేసి మల్టీమీటర్ పెట్టి చూడు."

పీకి మల్టీమీటర్‌తో చూస్తే 4.9 వోల్టులు. అలా రెండు గంటల పైనే ఉంచాను. పిన్ను కాలిపోయిందనే టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బోర్డు ఖరీదు అటుంచి, ఆంటీకి ఏం చెప్పాలా అన్నదే నా బాధ.

పొద్దున ఆరింటికే లేచి అన్న చెప్పిన లూప్‌బ్యాక్ టెస్ట్ చేశాను. అన్నీ పీకేసి 8, 10 పిన్నులకు ఒకే ఒక్క జంపర్ తీగ కలపాలి. అప్పుడు పై పంపింది దానికే తిరిగొస్తుంది. ఈసారి వైఫైలో లోపలికి వెళ్ళి టెర్మినల్ తెరిచాను. నేనేమీ నొక్కకుండానే లాగిన్ అడిగే లైను ఒకటి వచ్చింది, దాని కింద ఇంకోటి, అలా ఆగకుండా వస్తూనే ఉంది. ఏమిటిదని రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోయాను. శనివారం నేను వాడుకున్న సీరియల్ కన్సోల్‌ను ఆపనే లేదు! పై ఇంకా ఆ పోర్టులో లాగిన్ అడుగుతూనే ఉంది, తను అడిగిందే తిరిగొస్తే ఎవరో టైప్ చేశారనుకుని మళ్ళీ అడుగుతోంది. అంటే ముందు రోజు రాత్రి పాపం ఆ మీటర్‌కు పోయినవి కూడా నా ప్రశ్నలతో కలిసిన లాగిన్ లైన్లే. వచ్చిన బైట్లు ఏవైనా ఉన్నా, నా ప్రోగ్రామ్ కొన్ని, కన్సోల్ కొన్ని లాక్కుని ఉంటాయి. నిజానికి పోర్టు తెరవబోతే మొదట్లో పర్మిషన్ లేదనే అంది. నేను ఆలోచించకుండా సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి దాటేశాను. ఆ పోర్టును ఇంకొకరు వాడుతున్నారని అది చెప్పిన హెచ్చరిక అదే.

దాన్ని ఆపేది పై సెట్టింగుల ప్రోగ్రామ్ రాస్పీ కాన్ఫిగ్‌లో: ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్, అందులో సీరియల్ పోర్ట్. రెండు ప్రశ్నలు అడుగుతుంది. లాగిన్ షెల్ కావాలా అంటే వద్దు, హార్డ్‌వేర్ ఆన్‌లో ఉండాలా అంటే ఉండాలి. తొందరలో రెండింటికీ వద్దని కొడితే పోర్టే మాయమవుతుంది, జాగ్రత్త. రీబూట్ చేసి మళ్ళీ చూస్తే స్క్రీన్ ఖాళీగా ఉంది. ‘ఏ’ నొక్కాను, ‘ఏ’ వచ్చింది. ‘బి’ నొక్కాను, ‘బి’ వచ్చింది. తీగ పీకి నొక్కితే ఏమీ రాలేదు, కలిపితే వచ్చింది. పిన్ను బతికే ఉంది. ఆ తీగ కలుపుతూ తీస్తూ ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. అంత ఊరట.

3.3 వోల్టులతో నడిచే మాడ్యూల్ ఆన్‌లైన్‌లో 240కి ఆర్డర్ పెట్టాను, అది వచ్చేలోపు పండగ వచ్చేసింది. 10వ తేదీ సాయంత్రం హిందూపురం బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆంటీ కనిపించారు.

"ఏం నాయనా, అయిందా?"

"కాలేదాంటీ. పండక్కి ఇస్తానన్నాను..."

"పోనీలే నాయనా. అమ్మానాన్నల దగ్గర పండగ చేసుకుని రా. పని ఎక్కడికి పోతుంది?"

ఆవిడ కోప్పడినా బాగుండేదనిపించింది. భోగి మంటల దగ్గర కూడా నా బుర్రలో ఆ ఎనిమిదో పిన్నూ పదో పిన్నూ తిరుగుతూనే ఉన్నాయి.

17వ తేదీన మాడ్యూల్ వచ్చింది. 18 శనివారం, 19 ఆదివారం రెండు రోజులూ మోటార్ గదిలోనే. పై 1వ పిన్ నుంచి 3.3 వోల్టులిచ్చాను. ఇందులో పంపడం, వినడం మారే పని మాడ్యూలే చూసుకుంటుంది, దానికి వేరే పిన్ను అక్కర్లేదు. దాని మీద టీఎక్స్, ఆర్ఎక్స్ అని ఉంటుంది గానీ, అది మాడ్యూల్ టీఎక్సా, మనం కలపాల్సిన టీఎక్సా అన్నది ఎక్కడా లేదు. రెండు రకాలుగానూ చూశాను. ఏ, బి తీగలు తారుమారు చేశాను, ఎందుకంటే ఏది ఏ, ఏది బి అన్నదాంట్లో కంపెనీలన్నీ ఒక్క మాట మీద లేవు. రెసిస్టర్ పెట్టాను, తీశాను. ప్రతి మార్పునూ నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్ళాను. జవాబు లేదు.

ఆదివారం మధ్యాహ్నం మీటర్ బటన్ నొక్కుతూ దాని మెనూ చూశాను. అడ్రస్ 1. బాడ్ 9600. తర్వాతి పేజీలో, కాలిక్యులేటర్ అంకెల్లాంటి అక్షరాల్లో, పారిటీ (తప్పు పట్టుకోవడానికి ప్రతి బైటుకు చేర్చే అదనపు బిట్) ‘ఈవెన్’. నా గుండె ఒక్కసారి ఎగిరింది. నా ప్రోగ్రామ్‌లో పారిటీ ‘నన్’ (లేదు) అని ఉంది, నేను వాడిన లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) మామూలుగా అలాగే పెడుతుంది. దొరికింది అనుకున్నాను. ప్రోగ్రామ్‌లో ఈవెన్ అని మార్చి నడిపాను.

జవాబు లేదు.

ఆ రోజు కలిగినంత నిరాశ ముందు ఎన్నడూ కలగలేదు. పిన్ను కాలిందనుకున్న రాత్రి కూడా ఇంత లేదు. తప్పు కనిపించింది, దిద్దాను, ఏ ఎర్రర్ లేకుండా సెట్టింగ్ తీసుకుంది, అయినా మౌనమే. మీటర్‌నే ‘నన్’కు మారుద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. ఎలక్ట్రీషియన్ ఊళ్ళో లేడు. అతని ఫోన్ కలవలేదు. సామాన్లు సర్దేసి పైకి వచ్చి మూడు రోజులు ఆ గది వైపు వెళ్ళలేదు.

22వ తేదీన అన్న తన సొంత యూఎస్‌బీ ఆర్ఎస్485 డాంగిల్ ఇచ్చారు. "పైని పక్కన పెట్టు. ఇది ల్యాప్‌టాప్‌కు గుచ్చి మీటర్‌ను అడుగు. తప్పు ఏ వైపుందో ముందు తేలాలి" అన్నారు. మర్నాడు రాత్రి 9 గంటలకు అవే రెండు తీగలు, అదే ప్రోగ్రామ్, 9600, ఈవెన్. మొదటి ప్రశ్నకే జవాబు వచ్చింది. సంపు గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని గట్టిగా "వచ్చింది!" అని అరిచాను, ఎవరూ లేరక్కడ.

తీగలు సరే, మీటర్ సరే, అడ్రస్ సరే. మరి తేడా ఎక్కడ? ఊరికే చూద్దామని ల్యాప్‌టాప్‌లో పారిటీని ‘నన్’ చేశాను. మౌనం. అచ్చం పై దగ్గర చూసిన మౌనం. ఈవెన్ చేస్తే జవాబు, నన్ చేస్తే మౌనం. అప్పుడు తట్టింది: నేను ఈవెన్ పెట్టమన్నా పై మాత్రం పారిటీ లేకుండానే పంపుతోందా?

అంతే. ఇంట్లోకి వెళ్ళి రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో సీరియల్ పేజీ మొదటి నుంచీ చదివాను. పై 3లో రెండు సీరియల్ పోర్టులున్నాయి. ఒకటి పూర్తి స్థాయిది, పీఎల్011. పై 3లో బ్లూటూత్ ఉంది కాబట్టి ఆ మంచి పోర్టును దానికిచ్చేసి, 8, 10 పిన్నులకు ‘మినీ యూఆర్ట్’ అనే చిన్నదాన్ని పెట్టారు. ఆ మినీ యూఆర్ట్‌కు పారిటీ బిట్ లేదు. సెట్టింగ్ కాదు, ఆ హార్డ్‌వేర్‌లోనే లేదు. నేను పంపే ప్రశ్న ఎనిమిది బైట్లు: 01 04 00 00 00 02, చివర రెండు బైట్ల సీఆర్‌సీ (తప్పుల్లేవని సరిచూసే లెక్క). మీటర్ ఒక్కో బైటుకు 11 బిట్లు (స్టార్ట్ ఒకటి, డేటా ఎనిమిది, పారిటీ ఒకటి, స్టాప్ ఒకటి) రావాలని చూస్తుంటుంది, మినీ యూఆర్ట్ 10 పంపుతుంది. పారిటీ బిట్ ఉండాల్సిన చోట స్టాప్ బిట్ కనిపిస్తుంది. మొత్తం ప్రశ్న 9 మిల్లీ సెకన్లలో అయిపోతుంది, అందులో తేడా కనపడగానే మీటర్ దాన్ని పారేసి ఊరుకుంటుంది. తప్పుగా అడిగావని తిరిగి చెప్పే పద్ధతి అక్కడ లేదు. 1,15,200లో కన్సోల్ చక్కగా పనిచేయడానికి, లూప్‌బ్యాక్ పాసవడానికి కారణం కూడా ఇదే: ఆ రెండింట్లోనూ పారిటీతో పని లేదు. పోర్టు బాగుందని నేనే రెండుసార్లు తేల్చుకుని, ఇక దాన్ని అనుమానించడమే మానేశాను.

25వ తేదీ శనివారం. మా ఇంట్లో ఈ పైకి బ్లూటూత్ అక్కర్లేదు కాబట్టి మంచి పోర్టును వెనక్కి తీసుకోవడమే. పాత అలవాటు కొద్దీ బూట్‌లోని కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే, దీన్ని ముట్టుకోవద్దు, అసలు ఫైలు ఇప్పుడు బూట్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉందని రాసి ఉంది. బుక్‌వార్మ్ నుంచి అక్కడికి మార్చారు, పాత సలహాలన్నిట్లో పాత చోటే ఉంటుంది. అసలు ఫైలు చివర ‘డీటీఓవర్‌లే=డిజేబుల్-బీటీ’ అని చేర్చి రీబూట్ చేశాను. ముందు సీరియల్0 అనే పేరు టీటీవైఎస్0ను (మినీ యూఆర్ట్) చూపించేది. ఇప్పుడు టీటీవైఏఎంఏ0ను (పీఎల్011) చూపిస్తోంది. ప్రోగ్రామ్‌లో నేను సీరియల్0 అనే రాసుకున్నాను కాబట్టి అక్కడ మార్చాల్సింది ఏమీ లేదు.

నడిపాను. జవాబు వచ్చింది. తొమ్మిది బైట్లు. కానీ వోల్టేజీ అని చూపించిన అంకె దాదాపు సున్నా. ఈ మీటర్ ఒక విలువను రెండు రిజిస్టర్లలో (మీటర్ అంకెలు దాచే గళ్ళలో) పెడుతుంది, వాటి వరుస నా లైబ్రరీ అనుకున్నదానికి తలకిందులు. రెండింటినీ అటూ ఇటూ మారిస్తే 230.2. లేచి ప్యానెల్ మీది మీటర్ చూశాను. ఎర్ర అంకెల్లో 230.2.

ఆంటీని కిందికి పిలిచాను. మోటార్ వేయమన్నాను. స్క్రీన్ మీద కరెంటు సున్నా నుంచి ఒక్కసారి పైకి లేచి 7.2 ఆంపియర్ల దగ్గర నిలబడింది. ఆపమన్నాను, సున్నా. ఆవిడ మళ్ళీ వేశారు, మళ్ళీ ఆపారు. "నేను వేసినప్పుడల్లా దీనికి తెలుస్తోందా?" అని అడిగారు. తెలుస్తోందాంటీ అన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు.

నా చేతి నుంచి మెట్రో ఛార్జీలు కాక 830 ఖర్చయింది, ఒక హాఫ్ డే లీవు పోయింది. 70 రూపాయల మాడ్యూల్ డబ్బాలో అలాగే ఉంది. అన్న ఇచ్చిన లాంటి డాంగిల్ మొదటే కొని రాస్ప్‌బెర్రీ పై యూఎస్‌బీలో గుచ్చి ఉంటే ఈ మినీ యూఆర్ట్ సంగతి నాకు ఎదురయ్యేదే కాదు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకు, చేతిలో డబ్బులుంటే ఆ దారే చెప్తాను. పిన్నులతోనే చేయాలనుకుంటే మాత్రం మొదటి రోజే మీటర్ పారిటీ ఏమిటో, సీరియల్0 దేన్ని చూపిస్తోందో చూసుకోండి.

26వ తేదీ ఆదివారం అందరి ఫోన్లలో టెలిగ్రామ్ వేయించాను. ఇప్పుడు పొద్దున ఆరింటికి నిన్నటి యూనిట్లు, మోటార్ ఆడిన గంటలు మెసేజ్‌గా వస్తున్నాయి. వైఫై పోయినప్పుడు లెక్క కార్డులో రాసుకుని తర్వాత పంపేలా ఇంకా చేయాలి. ఎలక్ట్రీషియన్ ఊరి నుంచి వచ్చాక ఆ రెండు తీగలకు పైపు వేయించాలి, సంపు వైపు ఎలుకలు తిరుగుతున్నాయి.